పాత ఫోర్‌వీలు ట్రాక్టరునకు ఏ నూనె పోయవలెను?

మన సంఘపు గిడ్డంగియందు ఒకే పీపానుండి అందఱి ట్రాక్టర్లకును గేరు ఆయిలు కొలిచి యిచ్చుచున్నారు. అది 90 నంబరు ఆయిలు. వెల తక్కువ, లెక్క సులభము, దొంగసరకు భయము లేదు. కార్యవర్గమువారి యుద్దేశము మంచిదే. అయినను ఈ పద్ధతి ఇంతటితో మానవలెనని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

గడచిన సార్వా దమ్ములలో జరిగిన యొక సంగతి మమ్ము ఇట్లు వ్రాయించుచున్నది. సభ్యులలో నొకరు పాత ఫోర్‌వీలు ట్రాక్టరును చేతిమార్పున కొనిరి. పాత యజమాని పోసిన నూనె తీసివేసి మన పీపాలోని నూనె నింపిరి. నెల తిరుగకుండ బ్రేకు త్రొక్కినప్పుడెల్ల వెనుక ఇరుసు గొడ్డువలె మూలుగ నారంభించెను. మేస్త్రి రెండుసార్లు పెడలు బిగించెను. మూలుగు పోలేదు. ఒకనాడు నారుకట్టలతో నిండిన ట్రయిలరును కాలువగట్టు దించుచుండగా బ్రేకు ఒకసారి పట్టి, ఒకసారి జాఱి, బండి తిన్నగ నిలువక ట్రయిలరు చక్రము గట్టు దిగిపోయినది. మనుష్యుల కేమియు కాలేదు. నారు మాత్రము నీళ్లపాలైనది.

ఏ నూనె పోసితిరని మేమడుగగా, "ఎప్పుడు పోసెడిదేనండి" యని వారు చెప్పిరి. వారు తప్పు చేసినారనుటకు మాకు నోరు రాలేదు. వారి మునుపటి బండి పదునైదేండ్లు ఆ నూనెతోనే నడిచినది. అంతకంటెను, పాతబండికి చిక్కని నూనె మేలని ఆ వీధిలోనే పలుమార్లు చెప్పినవారము మేమే. ఆ మాట ఇప్పుడు వెనుకకు తీసికొనుచున్నాము.

వారి మునుపటి బండిలో బ్రేకుపళ్లెములు పొడిగా, వేఱు గూటియందుండెను. గేరుపెట్టెలోని నూనెకు గేరుపండ్లను కాపాడుటయే పని. కొత్తగా కొన్న బండికి, ఈ కాలపు బండ్లలో పెక్కింటికివలెనే, బ్రేకుపళ్లెములు నూనెలో మునిగియుండును. మనవారు వానిని ఆయిలు బ్రేకులందురు. అచ్చట ఒకే నూనె గేర్లను, ఇరుసును, లిఫ్టు పంపును, బ్రేకులను కూడ సాకవలెను. గేరుపండ్లకు జారుడు కావలెను. బ్రేకునకు పట్టు కావలెను. ఈ రెంటిని పొసగించుటకు ఆ నూనెయందు రాపిడిని అదుపుచేయు మందు కొలతప్రకారము కలుపుదురు. బజారులో దానిని వెట్ బ్రేకు ఆయిలనియు, యూటీటీఓ యనియు అడుగవచ్చును. మామూలు గేరు ఆయిలులో ఆ మందుండదు. పళ్లెములు పట్టి, వదలి, మరల పట్టి కొట్టుకొనుటయే ఆ మూలుగు.

చిక్కదనము సంగతి కూడ చెప్పవలెను. 100 డిగ్రీల వేడిమియందు 90 నంబరు ఆయిలు చిక్కదనము 13.5 సెంటిస్టోకులకు తగ్గదు. వెట్ బ్రేకు ఆయిలులు సాధారణముగ 9, 10 దరిని ఉండును. ఆ తేడాచేత ఉదయపు చలిలో పంపు అఱచును, లిఫ్టు నెమ్మదిగ లేచును. ఇంకొక సంగతి. డబ్బాపై జీ.ఎల్.5 అని యున్న గేరు ఆయిళ్లలో గంధకపు మందు హెచ్చు. వేడెక్కినప్పుడు అది కంచు, ఇత్తడి భాగములను తినవచ్చును.

ఇది మన పల్లెల అజ్ఞానమని ఎవరును నవ్వనక్కఱలేదు. అమెరికాలో జాన్ డీర్ కంపెనీవారు 303 అను పేరిట ఇట్టి ట్రాక్టరు నూనె నొకదానిని నిర్ణయించియుండిరి. దానిలో స్పెర్మ్ తిమింగిలపు తైలము కలిపెడివారు. రాపిడి నదుపుచేయుటకు అది మిక్కిలి మేలైన వస్తువు. 1970 దశకములో ఆ తిమింగిలమును కాపాడు చట్టములు వచ్చి తైలము నిలిచిపోగా ఆ నూనె కాలమును చెల్లినది. కంపెనీవారు వేఱు నిర్ణయములకు మారిరి. కాని 303 అను అంకెమాత్రము చావలేదు! ఎవరెవరో పసుపుపచ్చని బకెట్లపై ఆ అంకె నచ్చొత్తి, చౌకగా, అన్ని ట్రాక్టర్లకును పనికివచ్చునని అమ్మిరి. 2017లో మిస్సూరి రాష్ట్రపు వ్యవసాయశాఖవారు వానిని పరీక్షింపించి, ఆ పేరుతో అమ్మకమునే నిషేధించిరి. పంపులు, పళ్లెములు పాడైన రైతులు న్యాయస్థానముల కెక్కిరి. అంకె చూచి కొనుట కాదు, ఆ అంకె వెనుక నేడు ఎవరైన నిలిచియున్నారా యని చూడవలెను.

ఎఱ్ఱనూనె సంగతియు కొందఱు అడుగుచున్నారు. ఏటీఎఫ్ అను ఆ నూనె ఆటోమేటిక్ గేర్ల జీపులకును, కొన్ని బండ్ల పవరుస్టీరింగునకును చేయబడినది. చాల పలుచన. ట్రాక్టరు గేరుపెట్టెలో దానిని పోయరాదు. ఆటోమేటిక్ జీపు ఇంటనున్నవారు కూడ ఎఱుపు చూచి మోసపోరాదు. రంగు వట్టి అద్దకము. ఫోర్డువారి పాత టైప్ ఎఫ్ నూనెయు, జనరల్ మోటార్సువారి డెక్స్‌రాన్ నూనెయు రెండును ఎఱ్ఱనివే. పట్టునందు రెంటికిని పొత్తు లేదు. డెక్స్‌రాన్ మూడవదానికి ఆ కంపెనీవారు 2006తో అనుమతిపత్రములు నిలిపివేసిరి. 2005లో వచ్చిన ఆఱవది 100 డిగ్రీలలో 6.4 సెంటిస్టోకులకు మించని పలుచని నూనె. తమ పాత బండ్లకు అది చాలునని వారు చెప్పుదురు. వేఱొక కంపెనీ గేరుపెట్టెకు ఆ మాట చెల్లునని మేము ఒప్పుకొనము. ఆ బండి చేసినవారి మాట వేఱుగ విచారింపవలెను.

అయితే పీపా యంతయు పారబోయవలెనా? అక్కఱలేదు. పొడిబ్రేకుల పాతబండ్లకు దాని పుస్తకము 90 నంబరునే చెప్పినయెడల అదియే పోయుడు. ఫోర్‌వీలు బండ్ల ముందు ఇరుసునకు కూడ కొన్ని కంపెనీలు గేరు ఆయిలునే చెప్పును. ఆ ముందు ఇరుసును మనవారు తఱచు మఱచెదరు. దమ్ములో బురదనీటియందు మునిగి తిరుగునది అదియే. చక్రములవద్ద సీలు అరిగినచో నీరు చొచ్చి నూనె మజ్జిగవలె తెల్లబడును. దమ్ములు ముగిసిన మఱునాడు, బండి కదలింపకముందే, అడుగుమర కొంచెము వదలి చూడుడు. నీరు మొదట కాఱును.

తప్పు నూనె పోసినవారు వెంటనే మార్చవలెను. ఒక్కసారి వంచిన చాలదు. పళ్లెములకు పట్టిన పాతనూనె నిలిచియుండును. బండి వేడిమీద వంచి, ఫిల్టరు మార్చి, సరియైన నూనెతో కొన్నాళ్లు పనిచేయించి, మరల మార్చుట మంచిది. ఖర్చే. ఒక్కొక్క బండికి ముప్పది నలుబది లీటర్లు, పెద్దవానికి అంతకుమించియు పట్టును. లీటరునకు మిగిలిన కొలది రూపాయలు చూచి కార్యవర్గమువారు సంతసించిరి. కాని పళ్లెములు మార్చుటకు వెనుక ఇరుసు విప్పినప్పటి మేస్త్రికూలి, దమ్ముల నడుమ బండి నిలిచిన దినముల బాడుగ ఆ లెక్కలో చేరలేదు.

కావున రెండు పీపాలుంచి, పై రంగు వేఱుచేసి, ఏ సభ్యుని బండికి ఏది యని పుస్తకమున వ్రాసి యియ్యవలెనని వచ్చు సమావేశమున మేము కోరబోవుచున్నాము. అంతలో సభ్యులు తమ ట్రాక్టరు పేరు, మాడలు, తయారైన సంవత్సరము పలకమీద చూచి చీటిపై వ్రాసి కార్యదర్శిగారి కిచ్చిన మేలు. పుస్తకము పోయినవారు బండిని మాకు చూపుడు. బ్రేకులు పొడివో తడివో మేస్త్రిచేత తేల్పించి చెప్పెదము. పుస్తకము గలవారు దానినే తెండు.