తిట్లు తర్వాత... ముందు ఫోన్!

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనుకోండి. మీరేం చేస్తారు? ముందు మంట ఆర్పుతారు. 'పాలు పెట్టి మరచిందెవరు?' అన్న విచారణ ఆ తర్వాత. మరి ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బు మోసగాళ్ళ పాలైతే? ముందు తిట్లే!

జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్నో ఇళ్ళలో కొడుకులు గల్ఫ్‌లో, అవ్వా బాపూ ఊళ్ళో. సిరిసిల్లలోనైతే ఇంటాయన సాంచాల మీద, ఇల్లాలు బీడీల చాట ముందు. బీడీ కార్మికుల పింఛను 2019లో 2,016 రూపాయలైంది. మనకది చిన్న మొత్తమే కావచ్చు, అవ్వకు మాత్రం నెల మందులు, ఉప్పూ పప్పూ అందులోనే.

ఒక మధ్యాహ్నం ఆ అవ్వకే ఫోన్ వస్తుంది. "నీ కొడుకును దుబాయిల పోలీసులు పట్టుకున్నరు. జల్ది పైసలు పంపు. ఎవ్వరికీ చెప్పకు." తల్లి ప్రాణం ఆగుతుందా?

'జల్ది', 'ఎవ్వరికీ చెప్పకు' - ఈ రెండు మాటలూ కలిసి వినిపిస్తే అది మోసమే అనుకోండి. ఫోన్ పెట్టేసి, కొడుకు నెంబరుకు మనమే చెయ్యాలి. కొందరు పోలీసు బట్టలతో వీడియోలో కనిపించి 'డిజిటల్ అరెస్టు' అంటారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో స్వయంగా చెప్పారు.

ఇన్ని తెలిసినా ఒక్కోసారి డబ్బు పోతుంది. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. 'కోడలేమంటుందో, కొడుకేమంటాడో' అని అవ్వ రెండు రోజులు నోరు విప్పదు. ఈలోపు ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారి, చివరికి ఎవడో ఏటీఎంలో తీసేసుకుంటాడు. అదే వెంటనే 1930కి ఫోన్ చేస్తే, వాళ్ళు బ్యాంకులకు కబురందిస్తారు. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే అక్కడే ఆపే వీలుంటుంది. పాస్‌బుక్కు, డబ్బు పోయినట్టు వచ్చిన మెసేజీ దగ్గర పెట్టుకుని చెయ్యండి. ఆ వెంటనే బ్యాంకుకూ చెప్పండి.

ఈ పూటే ఈ పనులు చెయ్యండి:

* 1930 అని పెద్ద అక్షరాలతో రాసి గోడ క్యాలెండరు పక్కన అంటించండి.
* ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు బ్యాంకువాళ్ళమన్నా సరే, ఎవరికీ చెప్పవద్దని చెప్పండి.
* వేలిముద్రతో డబ్బు తీసుకునేచోట, 'పడలేదు, మళ్ళీ పెట్టు' అంటే మొదటిదాని రసీదు అడగమనండి.
* ఇంటివాళ్ళకే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. కొడుకు పేరుతో ఎవరు డబ్బడిగినా ముందు ఆ మాట అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. రాత్రి అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అనండి: "అత్తమ్మా, ఎప్పుడన్నా పైసలు పోతే ముందుగాల నాకే చెప్పు. నేనేమీ అనను."

అని ఊరుకోకండి. ఆ రోజు వస్తే, నిజంగానే ఏమీ అనకండి!