ఒక మోస్తరు వాన అంటే ఎంత?

మూడు రోజులుగా దండెం మీద బట్టలు ఆరడం లేదు. ఫ్యాను కింద కుర్చీల మీద పరిచినా ఆ ముక్కవాసన వదలదు. దోసెపిండి పులియడానికి మామూలు కంటే ఆలస్యమవుతోంది. మా అత్తగారు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని "పడనీలేమ్మా, మన ఊళ్ళో వానను వద్దనకూడదు" అంటున్నారు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన చిత్తూరు ఆడవాళ్ళెవరూ ఆ మాట కాదనలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలే కదా మన చెరువులకూ, బోర్లకూ పెద్ద దిక్కు!

అయితే వార్తల్లో "ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి ఒక మోస్తరు వర్షం" అనగానే, ఆ ఏముందిలే అని పనిలో పడిపోతాం. ఆ మాటలకు లెక్క ఉందని నాకూ ఈమధ్యే తెలిసింది. వాతావరణ శాఖ లెక్కలో, 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే తేలికపాటి. 15.6 నుంచి 64.4 దాకా ఒక మోస్తరు. అది దాటితేనే భారీ. అంటే ఆరు సెంటీమీటర్లు కురిసినా కాగితం మీద అది మోస్తరు వానే! ఇక "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు అని. మన వీధిలో చినుకు పడకపోయినంత మాత్రాన చెప్పింది తప్పయినట్టు కాదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడతో ఈ సంగతి చెప్తే నవ్వింది. "మీకు మోస్తరేనమ్మా. మాకు రాత్రంతా రేకుల కింద గిన్నెలు పెట్టే పని" అంది. పీకిన చెనిక్కాయ చెట్లు చేలో పడున్న రైతు ఇంటావిడను అడిగినా అంతే. ఈ నెమ్మది వాన ఎవరికి నెమ్మదో అడిగి తెలుసుకోవాల్సిందే. (బడికి సెలవన్న కబురు మాత్రం మనం క్యారియర్లు కట్టాకే వస్తుంది, అది వేరే సంగతి.)

2021 నవంబరు మనమెవరం మర్చిపోలేదు. 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, తిరుమల ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడ్డాయి, స్వర్ణముఖి పొంగింది. ఆ తర్వాత రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు కారుతున్నాయని కింది ఊళ్ళ జనం పిల్లాజెల్లతో ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. అంతకుముందు పడిన వానలతోనే నేల నానిపోయి ఉంది. పెద్ద వాన వచ్చాక ఆ నీళ్ళు పోయేందుకు చోటేదీ? అందుకే నన్నడిగితే ఇల్లు చూసుకోవాల్సింది తుపాను వారంలో కాదు, ఇదిగో ఇలాంటి ముసురు వారంలోనే. కాలవ పూడిపోయిందని మొదట కనిపెట్టేది వాకిలి ఊడ్చే మనమే. ఆ సంగతి వార్డు ఆఫీసులో చెప్పడానికి మొగవాళ్ళకు తీరిక దొరికేదాకా ఆగడం దేనికి?

నీళ్ళ లెక్క కూడా చెప్పాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆరువందల చదరపుటడుగుల మిద్దె మీద 20 మిల్లీమీటర్లు పడిందంటే దాదాపు 1,100 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెలతో డెబ్భైకి పైనే. కొంత వృథా పోయినా, మొదటి జల్లు మురికినీళ్ళు వదిలేసినా, తొట్టి నిండుతుంది. ఎండాకాలంలో డబ్బిచ్చి కొనే నీళ్ళను ఇప్పుడు వీధిలోకి వదిలేస్తున్నాం.

నిన్న మా మిద్దె తూములో పుల్ల పెట్టి పొడిస్తే గుప్పెడు వేపాకు, ఒక ప్లాస్టిక్ కవరు, మావాడు వేసవిలో పోగొట్టుకున్న బంతి బయటపడ్డాయి. సాయంత్రం మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. నీళ్ళు గలగలమని తొట్టిలోకి దిగాయి.