నవ్వెవరిది? ముక్కెవరిది?

మిరప కోతల కాలంలో, కూలి రేట్ల గురించి మాట్లాడదామని పల్నాడులో ఒక ఊరికి వెళ్లాం. మధ్యాహ్నం చేలో అన్నం క్యారేజీలు విప్పుకొని కూర్చున్నప్పుడు ఒక పెద్దామె కథ ఎత్తుకుంది. చింతచెట్టు మీది బ్రహ్మరాక్షసుడికి కొత్త కోడలి మీద మనసైందట. అర్ధరాత్రి వచ్చి గుమ్మం బయటే నిలబడి, "రమ్మంటావా, పొమ్మంటావా?" అని అడిగాడట. ఆమె, "ముందు ఆ చుట్ట కంపు పోయేట్టు నోరు కడుక్కునిరా పో" అందట. కట్టుకున్నవాడు ఏనాడూ వినని మాట రాక్షసుడు విని, బుద్ధిగా చెరువుకు పోయాడట! ఆ తర్వాతి కథ ఇక్కడ అచ్చు వేయలేం. ఆడవాళ్లంతా కళ్ల వెంట నీళ్లు కారేట్టు నవ్వారు. నేనూ నవ్వాను. మాతో వచ్చిన కొత్త కార్యకర్త మాత్రం తల దించుకుంది. తిరుగు బస్సులో అడిగింది: "ఇట్లాంటి బూతులకు మనమూ నవ్వితే ఎట్లా అక్కా?"

ఆమె ఒక్కతే కాదు, మనలో చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు. అందుకే ఈ నాలుగు మాటలు.

రాక్షసుడితో సరసం, దాని మీద హాస్యం మన పొలం గట్లకే పరిమితమైన వింత కాదు. అమెరికాలో ఇప్పుడు అలాంటి కథలకు పెద్ద అంగడే ఉంది. 2021లో వచ్చిన సి.ఎం. నాస్కోస్టా నవల 'మార్నింగ్ గ్లోరీ మిల్కింగ్ ఫామ్'లో నాయకుడికి ఎద్దు తల ఉంటుంది. నాయిక చదువు కోసం చేసిన అప్పు తీర్చుకోలేక ఉద్యోగం వెతుక్కునే అమ్మాయి. ఇలాంటివి రాసేవాళ్లలో, కొని చదివేవాళ్లలో స్త్రీలే ఎక్కువ. ఇదేం వెర్రి అని పెద్దలు వెక్కిరిస్తారు. నాకు వెర్రిగా తోచదు. మనిషి రూపంలో ఉన్న మగవాడు అడిగి ముట్టుకుంటాడనే నమ్మకం లేనిచోట, గుమ్మం బయట ఆగి అడిగే రాక్షసుడే పెద్ద హాస్యం. ఆ హాస్యంలో ఎత్తిపొడుపు ఉంది, ఊరట కూడా ఉంది.

మరి మనకు పరువైన నవ్వుగా నేర్పిందేమిటి? గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తోలుబొమ్మలాట చూసినవాళ్లకు బంగారక్క, కేతిగాడి మోటు సరసాలు కొత్త కాదు. పిల్లా పెద్దా కలిసి చూసిన ఆ తెర మీద వాటిని ఎవరూ బూతని ఆపలేదు. శూర్పణఖకూ నవ్వాం. ఆమె చేసిన మొదటి నేరం ఏమిటి? నచ్చిన మగవాడికి నచ్చావని చెప్పడం. వాల్మీకి రామాయణంలోనే రాముడు ఆమెను పరిహాసంగా తమ్ముడి దగ్గరకు పంపుతాడు, తమ్ముడు తిరిగి అన్న దగ్గరకు పంపుతాడు. ఆమె సీత మీదికి దూకిన మాట నిజమే, దాన్ని ఎవరూ సమర్థించనక్కర్లేదు. కానీ అంతకుముందే ఆమె కోరిక ఇద్దరు మగవాళ్ల మధ్య ఆటవస్తువు అయింది. ఆట ముగిసేసరికి ముక్కూ చెవులూ పోయాయి. సీత ఒప్పుకోకపోయినా ఎత్తుకుపోయిన రావణుడి కోరిక మాత్రం మహా విషాదమైంది!

హిడింబ ముక్కు ఎందుకు మిగిలింది? ఆమె కూడా రాక్షసే, తానే భీముణ్ణి కోరింది. అయితే ఆమె అన్నను కాదని పాండవుల పక్షం వహించింది. ఆమె కన్న ఘటోత్కచుడు వాళ్ల యుద్ధంలోనే ప్రాణమిచ్చాడు. ఉపయోగపడితే కోడలు, లేకపోతే ముక్కు కోత. గుంటూరు జిల్లాలో పుట్టిన ఓల్గా 'సమాగమం' కథలో శూర్పణఖను అందమైన తోట పెంచుకున్న మనిషిగా సీత ఎదుట నిలబెట్టడం అందుకే మనకంత అవసరమైంది.

స్త్రీ తన కోరికను తానే రాస్తే ఏమవుతుందో కూడా చూశాం. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయిస్తే, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. మగ కవులు రాసిన పచ్చి శృంగారం మాత్రం ప్రబంధమనే గౌరవంతో చెలామణి అయింది. ఆ నిషేధం 1947లో గానీ పోలేదు. దాన్ని తొలగించింది టంగుటూరి ప్రకాశం. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో పనిచేస్తూ మనమే కొత్త సెన్సారు కావడం న్యాయమా?

"అశ్లీల పోస్టర్ల మీద తారు పూసిన చేతులే కదా మనవి?" అని అడగవచ్చు. అవును. ఆ పోస్టరు మీద స్త్రీ శరీరాన్ని ఆమె ప్రమేయం లేకుండా అమ్మకానికి పెట్టారు. చేలో కథ చెప్పింది స్త్రీ, నవ్వింది స్త్రీలు, తలుపు తీయాలో వద్దో తేల్చింది స్త్రీ. రెండూ ఒకటెలా అవుతాయి? ఎవరి ఇష్టం నడుస్తోంది, ఎవరి ఒంటికి దెబ్బ తగులుతోంది అన్నదే కొలబద్ద. మాట మోటా నాజూకా అన్నది కాదు.

సిగ్గుపడవలసిన చోటు వేరే ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, పాత శిక్షాస్మృతిలోని మినహాయింపును 63వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. భార్యకు 18 ఏళ్లు నిండితే, భర్త బలవంతం చేసినా చట్టం దృష్టిలో అది అత్యాచారం కాదు. ఈ మినహాయింపు తీసేయమని 2013లోనే జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది. వినలేదు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, మన కేంద్రాలకు వచ్చే స్త్రీలకు ఆ సంగతి తప్పక చెప్పాలి. కానీ ఆ చట్టం అత్యాచారాన్ని అత్యాచారం అనదు. అంటే, పెద్దామె కథలోని బ్రహ్మరాక్షసుడు పాటించిన మర్యాదను ఈ దేశపు శిక్షాచట్టం భర్త నుంచి కోరడం లేదన్నమాట!

బస్సులో ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. తర్వాతి వారం కూలీల సమావేశంలో తనే పెద్దామెను అడిగింది: "అవ్వా, ఆ కోడలు పొమ్మంటే రాక్షసుడు పోయేవాడేనా?" "పోడూ మరి?" అంది అవ్వ. "మరి మన ఇళ్లల్లో?" అంది ఈ అమ్మాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే మాట్లాడటం మొదలుపెట్టారు. కూలి రేట్ల చర్చ ఆ రోజు చీకటిపడ్డాక గానీ మొదలు కాలేదు.