పెట్టె గట్టిదే, దారికే దిక్కులేదు

పరకాల దాటి భూపాలపల్లి వైపు సాగే జాతీయ రహదారి మీద చెల్పూర్ చేరేసరికి ఏ బండి అసలు రంగేమిటో చెప్పడం కష్టం. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రానికి బొగ్గు మోసే టిప్పర్లు, అక్కడి నుంచి బూడిద మోసుకెళ్లే లారీలు తిరిగే దారి అది. బండి నంబరు చదవాలన్నా తడిగుడ్డ కావాలి. అలాంటి దారిలో ఒక చిన్న వ్యాను వెనక జానెడు పసుపు పలక, దాని మీద నల్లటి మూడు రెక్కల గుర్తు ఉంటే ఎవరి కంట పడుతుంది? పడినా అదేమిటో ఎందరికి తెలుసు? చూడ్డానికి ఫ్యానులా ఉంటుంది. ఏదో పార్టీ గుర్తనుకున్నా తప్పు పట్టలేం.

రేడియోధార్మికతను సూచించే ఆ గుర్తున్న బండికి ఇక్కడేం పని అని అడగొచ్చు. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లున్న కేంద్రంలో బాయిలర్ అంటే కిలోమీటర్ల కొద్దీ ఉక్కు గొట్టాలు. గొట్టం చిల్లిపడితే ఆ ముక్క కోసేసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. అతుకు లోపల బోలు మిగిలిందా అన్నది కంటికి తెలియదు. గామా కెమెరా పెట్టి ఫిల్మ్ తీసి చూడడం దేశమంతటా ఉన్న పద్ధతి. కెమెరా అన్నది పేరుకే. అది ఒక లోహపు పెట్టె. కడుపులో ఇరీడియం-192 అనే గింజంత రేడియోధార్మిక మూలం, దాని చుట్టూ క్షీణించిన యురేనియం కవచం ఉంటాయి. చేతిసంచిలో పట్టే పెట్టే గానీ, ఎత్తబోతే ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కన్నా బరువు. ఇరీడియం శక్తి 74 రోజులకు సగమైపోతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి కొత్త మూలం నింపాలి. ఓవర్‌హాలింగ్ ఎక్కడుంటే పెట్టె అక్కడికి పోవాలి. పాల్వంచ, రామగుండం, జైపూర్, మణుగూరు, చెల్పూర్... బొగ్గు కరెంటున్న ఊళ్లన్నీ ఆ పెట్టెల బాటలో ఉన్నవే.

పెట్టెను తప్పుపట్టడం లేదు. ఇలాంటి మూలాలకు వాడే ‘టైప్-బి’ పెట్టె నమూనాను తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి కదలని గట్టి నేల మీద పడేస్తారు. మీటరు ఎత్తు నుంచి ఉక్కు కడ్డీ మీద వేస్తారు. 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచుతారు, నీళ్లలో ముంచుతారు. ఇవన్నీ తట్టుకుంటేనే అనుమతి. టిప్పర్ గుద్దినా ఆ పెట్టె పగలకపోవచ్చు. ఇంత కఠినమైన పరీక్ష పెట్టెకు పెట్టిన ప్రభుత్వం, ఆ పెట్టె పడ్డ చోటికి పరుగెత్తుకొచ్చే మనుషులకు ఏం నేర్పింది? మా ఫిర్యాదంతా ఇక్కడే.

రాత్రి పని ముగించుకుని బయల్దేరిన వ్యానును తెల్లవారుజామున చెల్పూర్ శివారులో టిప్పర్ గుద్దిందనుకుందాం. డ్రైవరుకు స్పృహ లేదు. ఆపరేటరు కాలు సీటు కింద ఇరుక్కుంది. తలుపు ఊడి పెట్టె పక్కనున్న పత్తిచేలో పడింది. మొదట వచ్చేది వెనక టిప్పర్ నడిపేవాడు, చాయ్ హోటల్ దగ్గరున్న నలుగురు. తర్వాత 108. ఆ తర్వాత ఇద్దరు కానిస్టేబుళ్లు, చివరికి క్రేను. అందులో ఎవడో ఒకడు పసుపు పలక చూసి ‘రేడియేషన్’ అని అరిస్తే అందరూ వంద గజాల అవతల నిలబడి ఫోన్లో వీడియో తీస్తారు, ఇరుక్కున్నవాడు నెత్తురు కారి చచ్చిపోతాడు. ఎవరూ అరవకపోతే క్షతగాత్రుల్ని తీసుకెళ్తారు, బండిని పక్కకు లాగేస్తారు, పెట్టె చేలోనే ఉండిపోతుంది. పొద్దున్నే ‘పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు’ అంటూ వచ్చే బండికి అంత బరువైన పెట్టె దొరకడమంటే లాటరీ తగిలినట్టే.

ఈ రెండు తప్పులూ జరగకుండా ఆపడానికి కావలసిన పరిజ్ఞానం పావుగంటలో నేర్పగలిగేది. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని ముందు బయటికి తీయాలి, వికిరణం భయంతో చికిత్స ఆపకూడదు. ప్రపంచమంతా పాటించే నియమమిది. పెట్టెను ముట్టుకోవద్దు, కాలితో కూడా తన్నొద్దు. చుట్టూ ముప్పై మీటర్ల దాకా ఎవర్నీ రానివ్వొద్దు. అక్కడ బీడీ, చాయ్, తిండి వద్దు. ముప్పై మీటర్లే ఎందుకన్నదానికి లెక్క ఉంది. 50 క్యూరీల ఇరీడియం మూలం కవచం తప్పించుకుని బయటపడితే, మీటరు దూరంలో నిలబడ్డవాడికి సామాన్య పౌరుడి ఏడాది పరిమితి పావు నిమిషంలో నిండిపోతుంది. ముప్పై మీటర్లు వెనక్కి జరిగితే అంతే మోతాదు పడడానికి మూడున్నర గంటల పైనే పడుతుంది. ఒక తాడు, నలభై అంగలు, ఒక మనిషి కాపలా. దీనికి కోట్ల బడ్జెట్ అక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. ప్రమాదకర సరుకు మోసే బండిలో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ట్రెమ్ కార్డు డ్రైవరు క్యాబిన్‌లో ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 9వ నిబంధన ఆ డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలంటోంది. కార్డు ఏ భాషలో ఉంటుందో చట్టమే చెప్పకనే చెబుతోంది. మన వ్యానులో ఇంగ్లీషు వచ్చిన ఆ డ్రైవరుకేమో స్పృహ లేదు. గణపురం మండలంలో ప్రమాద స్థలానికి పరుగెత్తే కానిస్టేబులుకు, 108 సిబ్బందికి, సర్పంచికి తెలుగులో నాలుగు వాక్యాలు రాసివ్వాలని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదా? టీకాల మీద, ఓటు మీద, పత్తి పురుగు మీద గోడల నిండా తెలుగు రాయించగల ప్రభుత్వానికి ఇదొక్కటీ చేతకాలేదంటే నమ్మలేం.

సాయం ఎక్కడి నుంచి రావాలో కూడా చూడండి. అణుశక్తి నియంత్రణ మండలి ముంబైలో ఉంది. అణుశక్తి శాఖ అత్యవసర స్పందన కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో, చెల్పూర్‌కు దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో. రెండు తెలుగు రాష్ట్రాలకూ దిక్కయిన జాతీయ విపత్తు దళం పదో బెటాలియన్ విజయవాడ దగ్గర ఉంది. నిపుణులు వస్తారు, వాళ్ల సామర్థ్యం మీద మాకు అనుమానం లేదు. వాళ్లొచ్చేదాకా గడిచే నాలుగైదు గంటలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే తేలాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే అణు, రేడియోధార్మిక ఉపద్రవాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వికిరణం కొలిచే సాధనాలు పోలీసులకు ఇవ్వాలన్న పథకమూ వచ్చింది, కానీ చూపు పెద్ద నగరాల మీదే. టిప్పర్లు తిరిగే దారులు ఆ చూపులో లేవు.

జరగనిదానికి భయపెడుతున్నారని అనేవాళ్లకు 2019 జనవరి గుర్తు చేయాలి. రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ వాడే సీసియం-137 పెట్టె కనిపించకుండా పోయింది. పోలీసులు గాలించి చివరికి కృష్ణా జిల్లాలో పట్టుకున్నారు. ఎక్కడో తెలుసా? పాత ఇనుము కొట్టులో. కవచం చెదరలేదు కాబట్టి వార్త రెండు రోజుల్లో చల్లారింది. 2010లో ఢిల్లీ మాయాపురికి ఆ అదృష్టం లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం 1985 నుంచి మూలపడేసిన కోబాల్ట్-60 యంత్రాన్ని వేలంలో అమ్మేసింది. కొన్నవాళ్లు కోశారు. ఒకరు చనిపోయారు, మరికొందరు నెలల తరబడి ఆస్పత్రి పాలయ్యారు. అక్కడ గుట్టు బయటపెట్టింది ఏ యంత్రమో, ఏ అధికారో కాదు, చర్మం నల్లబడి ఆస్పత్రికొచ్చిన మనిషి ఒళ్లు. చెల్పూర్‌లో బాయిలర్ పని చేసేవాళ్లు వినాల్సింది ఇరాన్ కథ. 1996లో గిలాన్‌లోని విద్యుత్ కేంద్రంలో ఒక కూలీకి గోతిలో మెరిసే లోహపు ముక్క దొరికింది. చొక్కా జేబులో వేసుకున్నాడు. గామా కెమెరా నుంచి జారిపడ్డ ఇరీడియం అది. గంటన్నర జేబులో ఉన్నందుకు రొమ్ము కాలింది, ఎముక మూలుగ దెబ్బతింది.

2023లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గని నుంచి పెర్త్‌కు లారీలో పోతున్న సీసియం గుళిక దారిలో జారిపోయింది. ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు, చిక్కుడు గింజంత కూడా లేదు. బిగించిన మరలు కుదుపులకు ఊడి రంధ్రంలోంచి రాలిపోయింది. తెలిసిన రెండు రోజుల్లో అక్కడి ప్రభుత్వం బొమ్మతో సహా జనానికి చెప్పింది: కనిపిస్తే ముట్టొద్దు, దూరంగా ఉండండి, ఈ నంబరుకు ఫోను చేయండి అని. 1,400 కిలోమీటర్ల దారిలో వికిరణం కొలిచే సాధనాలతో జల్లెడ పట్టి ఫిబ్రవరి 1న రోడ్డు పక్క రెండు మీటర్ల దూరంలో దొరికించుకున్నారు. అక్కడా తప్పు జరిగింది, కానీ దాచలేదు. మన దగ్గర ఇలాంటిది జరిగితే మొదటి ప్రెస్‌నోట్‌లో ఏముంటుందో పాఠకులు ఊహించగలరు: ‘ప్రజలు ఆందోళన చెందాల్సిన అవసరం లేదు.’

ఇక్కడొక మాట. బూడిదలోనే రేడియేషన్ ఉందని చెల్పూర్ చుట్టుపక్కల అప్పుడప్పుడు వినిపిస్తుంది. బొగ్గు బూడిదలో సహజ యురేనియం, థోరియం ఆనవాళ్లు ఉండడం నిజమే. ఊరి ఊపిరితిత్తులకు ముందు చేటు చేసేది మాత్రం ఆ దుమ్మే. దాని మీద వేరే సంపాదకీయం రాయొచ్చు, రాయాలి కూడా. దాన్నీ దీన్నీ కలిపేస్తే అధికారులు రెండింటినీ కలిపి పుకారని కొట్టిపారేస్తారు.

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, ఏటా దాన్ని సరిచూసుకోవాలి. ఆ బాధ్యత కలెక్టరు అధ్యక్షతన ఉన్న సంస్థది. జయశంకర్ భూపాలపల్లి ప్రణాళికలో గోదావరి వరదకు ఎన్ని పేజీలున్నా మాకు అభ్యంతరం లేదు. రేడియోధార్మిక సరుకు మోసే బండి పల్టీ కొడితే ఎవరు ఎవరికి ఫోను చేయాలన్న పేజీ కూడా ఉంటే కలెక్టరు బయటపెట్టాలి. పెట్టె పంపినవాళ్లు బండి కదలకముందే దారిలోని పోలీసులకు ముందస్తు సమాచారం ఇస్తున్నారో లేదో ఎస్పీ చెప్పాలి. విద్యుత్ కేంద్రం తన గేటు లోపలికి వచ్చిన ప్రతి గామా కెమెరా ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్న లెక్కను జిల్లా యంత్రాంగానికి పంపాలి. 2023లో మొదలైన భూపాలపల్లి ప్రభుత్వ వైద్య కళాశాలలో కనీసం ఇద్దరు డాక్టర్లకు వికిరణ గాయాన్ని గుర్తుపట్టే శిక్షణ ఇప్పించాలి. వికిరణంతో కాలిన చేతిని మామూలు చర్మవ్యాధి అనుకునే రోజులు ఇక్కడ రాకూడదు.

చెల్పూర్ దారిలో ప్రమాదం జరిగితే మొదట మోగేది గణపురం పోలీసు స్టేషన్ ఫోను. అక్కడి గోడ మీద హైదరాబాద్ అత్యవసర కేంద్రం నంబరు, ఆ మూడు రెక్కల గుర్తు, కింద తెలుగులో నాలుగు వాక్యాలు ఉన్నాయో లేదో రేపు పొద్దున ఎవరైనా వెళ్లి చూసి రావచ్చు.