ఎత్తివ్రాయుట గుమాస్తాపనియా?

చరిత్ర యనగా రాజుల వంశావళియే యను భ్రాంతి మనలో నింకను తొలగలేదు. గద్వాల యన్నంతనే ‘విద్వద్గద్వాల’ యని పొంగుదుము; వనపర్తి యన్నంతనే సంస్థానవైభవమును తలంతుము. ఆస్థానమున శాలువ కప్పించుకొన్న కవి పేరు మన కెఱుకయే. ఆ కోటకు రాయి మోసిన కూలివాని పేరేమి? ఈ ప్రశ్నకు మన పండితులు నవ్వుదురు. ఆ నవ్వుతోడనే నా వివాదము.

అమెరికాలో నల్లవారి చరిత్ర యెట్లు వెలికివచ్చుచున్నదో చూడుడు. 1850, 1860 జనాభాలెక్కలలో బానిసల పేర్లు దాదాపు వ్రాయనే లేదు. యజమాని పేరు క్రింద వారి వయస్సు, మేనివన్నె వంటివి మాత్రము వ్రాసిరి. 1865లో ప్రభుత్వము దాస్యవిముక్తులకై యొక శాఖను నెలకొల్పి 1872 వఱకు నడపెను. ఆ శాఖవారి కూలి యొడంబడికలలో, వివాహపత్రములలో, బత్తెపు పట్టీలలో వారి పేర్లు నిలిచినవి. 25,000కు మించిన స్వచ్ఛందసేవకులు ఆ పాతవ్రాతను చదివి 2016 నాటికి సుమారు 18 లక్షల పేర్లకు సూచిక కట్టిరి. స్మిత్సోనియను సంస్థవారి యాధ్వర్యమున పూర్తి పాఠమును ఎత్తివ్రాయు పనికిని జనులే పూనుకొనిరి. జీతము లేదు, బిరుదు లేదు. పేరు తెలియని తాతను మనుమడు అంతర్జాలమున వెదకి కనుగొనగలుగుచున్నాడు.

ఈ దృష్టి మనకును క్రొత్త కాదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపణకు ఇటిక్యాలపాటి సురవరము ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి బదులు చెప్పెను. ఆయనయే 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’మున సామాన్యుల తిండిని, ఉడుపును, ఆటలను చరిత్రగా నిలిపెను. 1952లో వనపర్తి ఆయనను శాసనసభకు పంపినది. ఆయన రచనలపై గ్రంథస్వామ్యము 2014 నుండి తీరినది, ఎవరైనను ఎత్తివ్రాయవచ్చును. తెలుగు వికీసోర్సున నిట్టి పని జరుగుచున్నది: ఒకరు పుటను మూలముతో సరిపోల్చి దిద్దుదురు, మఱియొకరు మరల చూచి యామోదింతురు. మన మూడు జిల్లాల ఉపాధ్యాయులలో నెందఱు దీనికి చేయి వేసిరి?

ఇది గుమాస్తాపని యందురు. తాళపత్రముపై గంటము పట్టిన వ్రాయసగాడు లేనిచో కాళిదాసు మనవఱకు వచ్చునా? బ్రౌనుదొర జీతమిచ్చి వ్రాయించిన ప్రతులను వేమన పాఠకులు మఱవవచ్చునా? యంత్రమే చదువునని మఱికొందఱు. అచ్చును చదువును గాక! గొలుసుకట్టు వ్రాతలో యంత్రము తప్పినపుడు ఊరిపేరును ఇంటిపేరును ఎఱిగిన మనుష్యుడే దానిని పట్టవలయును.

శ్రీశైలజలాశయమున అలంపురము, కొల్లాపురము ప్రాంతముల పల్లెలు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమున మరల కట్టిరి, మంచిదే. ఆ పల్లెవారి యిండ్లలోని పత్రములను పదిలపఱచుటకు అంత శ్రద్ధ యేది? దేశమున ఎన్నియో ఆనకట్టలకు మన్ను మోసినది పాలమూరు కూలీలు. గుంపుమేస్త్రీ ముందుగా అప్పిచ్చి వారి పేర్లెక్కించుకొన్న పుస్తకములే మనకు కూలి యొడంబడికలు. అవి యెచ్చట మిగిలియున్నను చెదలకు విడువరాదు. నాగర్‌కర్నూలు జిల్లా దర్శనము మొగులయ్యకు 2022లో పద్మశ్రీ నిచ్చి చప్పట్లు కొట్టితిమి. పన్నెండుమెట్ల కిన్నెరపై పాడెడి పండుగ సాయన్న కథను మాటమాటగా వ్రాసిపెట్టుట అంతకంటె మేలైన సన్మానము.

ఎత్తివ్రాయువారికి నియమ మొక్కటే. పత్రమున ‘ఎల్లిగాడు’ అని యున్నచో ‘ఎల్లయ్య’ యని దిద్దరాదు. ఆ ‘గాడు’ నాటి యవమానమునకు సాక్ష్యము. సాక్ష్యమును చెఱుపుట మర్యాద కాదు. మనుమలు నేడు ఆయనను ఎల్లయ్యగారని పిలుతురు గాక; వ్రాసినవాని గుణము మాత్రము వ్రాతలోనే యుండవలయును.

ఉపాధ్యాయులారా! ఛందస్సు నేర్పుడు, వ్యాకరణము నేర్పుడు. వానితోపాటు నెల కొక పాతపత్రమును చదివి సరిగా ఎత్తివ్రాయుటయు నేర్పుడు. కవులను కాపాడిన సీమ కూలివాని పేరును కాపాడలేదను నింద మనకు వలదు.