వేరే పెట్టె, వేరే ఫ్లాటు

ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ తీర్పును తిట్టడం మనకు చాలా తేలిక. 1892లో లూసియానాలో హోమర్ ప్లెసీ తెల్లవాళ్ల రైలుపెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు, జస్టిస్ హార్లన్ ఒక్కడూ కాదన్నా, పెట్టెలు వేరైనా సమానమేనంది. అది అవమానంగా తోస్తే, ఆ అర్థం నల్లవాళ్లు కల్పించుకున్నదేనని కూడా అంది.

ఫిల్మ్‌నగర్ కాఫీ షాపులో ఈ కథ చెబితే అందరూ చలించిపోతారు. మరి జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసో? ఎవరికీ పట్టదు. అహ్మదాబాద్‌లోని ఆ సొసైటీ పార్సీలకే సభ్యత్వమని బైలా రాసుకుంది. గుజరాత్ హైకోర్టు చెల్లదంది. 2005లో మన సుప్రీంకోర్టు చెల్లుతుందంది.

రెండూ అచ్చంగా ఒకటి కాదు. అక్కడ వేరుచేసింది ప్రభుత్వం, ఇక్కడ సొసైటీ. పార్సీలు గుప్పెడు మంది, వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ తీర్పు ప్రధానంగా ఆనుకున్నది సంఘం పెట్టుకునే హక్కు మీద, బైలా అనే ఒప్పందం మీద. రేపు ఆ ఆసరా ఏ బలమైన కులమైనా అడగొచ్చు.

జూబ్లీహిల్స్ చుట్టుపక్కల అద్దెకు వెతికినవాళ్లకి తెలుసు, బైలా కూడా అక్కర్లేదని. “మీరేవిట్లు?” అన్న ఒక్క ముక్క చాలు. నన్నూ అడిగారు. చెప్పాక, ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. టూలెట్ బోర్డు మాత్రం ఇంకో నెల వేలాడింది.

1938లోనే ‘మాలపిల్ల’ తీసిన పరిశ్రమ మనది. అంటరానితనం మీద సినిమా వస్తే చప్పట్లు కొడతాం. దానికి పనిచేసిన లైట్‌బాయ్ పక్క ఫ్లాట్లోకి వస్తానంటే మాత్రం ‘ప్యూర్ వెజ్’ గుర్తొస్తుంది.

“మా ఇల్లు, మా ఇష్టం” అంటారు. భోజనానికి ఎవర్ని పిలుస్తారో మీ ఇష్టమే. ఊళ్లో ఎవరికి నీడ దొరకాలన్నది మీ ఇష్టం ఎలా అవుతుంది? ఊరవతల వాడని కట్టించినోళ్లూ దాన్ని నేరమనలేదు, ఆచారమన్నారు.

2005 తీర్పే దారి కూడా చూపించింది: ఇలాంటి బైలాలు వద్దనుకుంటే సహకార చట్టాలను సవరించుకోవాలంది. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోవి. అంటే పని ఢిల్లీలో లేదు, జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే కూర్చునే అసెంబ్లీలో ఉంది. కులం, మతం పేరుతో ఏ ఇళ్ల సొసైటీ సభ్యత్వం నిరాకరించకూడదని, ఏ ఓనరూ అద్దెకివ్వనని అనకూడదని అక్కడ స్పష్టంగా రాయించాలి.

స్కూళ్లలో ‘వేరైనా సమానమే’ చెల్లదనడానికి అమెరికాకి 1954 దాకా, 58 ఏళ్లు పట్టింది. మన లెక్క 2005 నుంచి నడుస్తోంది.