అండమాన్‌కు గ్యాస్ బండ పంపుతారట!

"గీ సర్ఖనికి సిలిండర్ వస్తలేదా మామా? అండమాన్‌కు గూడ గట్లనే పోతది. ఇండ్ల ఏమున్నది?"

ఈ మాట అన్నవాడు వరసకు నాకు అల్లుడు. ముంబైలో గ్యాస్ టెర్మినళ్ళకు కాంట్రాక్టు పనులు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. పెళ్ళికని మహారాష్ట్రలో కిన్వట్ తాలూకాలోని మా ఊరు సర్ఖని వచ్చి, పంక్తిలో పప్పు వడ్డించేలోపే బంగాళాఖాతంలోని దీవులన్నిటికీ కరెంటు ఇచ్చేశాడు. ద్రవరూపంలోని సహజవాయువును, అదే ఎల్‌ఎన్‌జీని, బార్జీల్లో నింపుకుని పోవడం, దీవి ఒడ్డున దింపడం, ఇంజన్లు తిప్పడం. డీజిల్ పొగ పోయె, ఖర్చు తగ్గె, కథ కంచికి. చుట్టూ కూర్చున్న పెద్దమనుషులంతా తలలూపారు. ఆ తలూపుడే నాకు మండింది. వాడొక్కడే అయితే పిల్లకాయ మాటలే అని వదిలేసేవాణ్ణి. కానీ టీవీ చర్చల్లో, పెట్టుబడుల సదస్సుల్లో, కన్సల్టెంట్లు రంగుల బొమ్మలతో అచ్చేసే ప్రాజెక్టు నివేదికల్లో ఇప్పుడు ఇదే పాట. దీవుల పేదరికానికి మందు గ్యాసేనట. తెచ్చిపెట్టేవాడు దొరకకనే ఇన్నాళ్ళు ఆగిందట.

ముందు ఈ బండ సంగతి తేలుద్దాం. కిన్వట్ రోడ్డు గుంతల్లో లారీ మీద గలగలలాడుతూ మా ఊరికి వచ్చే ఎర్ర బండలో ఉండేది ఎల్‌పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్. కాస్త ఒత్తిడి పెడితే చాలు, మామూలు వేడిలోనే ద్రవమై పడి ఉంటుంది. ఆ 14.2 కిలోలు వంటింటి మూల ఆరు నెలలు కూర్చున్నా గ్రాము తరగదు. ఎల్‌ఎన్‌జీ మీథేను. మామూలు వేడిలో దాన్ని ఎంత నొక్కినా ద్రవం కాదు. సున్నాకు దిగువన 162 డిగ్రీల దాకా చల్లబరచాలి. అప్పుడు 600 పాళ్ళ వాయువు ఒక్క పాలు ద్రవంగా ముడుచుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి ఆ చలిని కాపాడుకుంటూ పోవడమే పని. జాతరలో ఊకలో పొదిగిన ఐసుగడ్డ అమ్మేవాడి యాతనే దీనిదీ. బేరం తగిలినా తగలకపోయినా కరుగుతూనే ఉంటుంది. పెద్ద ఓడల్లోనే రోజుకు వెయ్యింట ఒక పాలు అటూ ఇటుగా ఆవిరవుతుంది. తొట్టి చిన్నదైన కొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఆ ఆవిరిని ఇంజన్లో కాల్చాలి, లేదా మళ్ళీ చల్లబరచాలి, రెండూ కుదరకపోతే గాల్లోకి వదలాలి. డీజిల్ డ్రమ్ము దీవిలో ఒక షెడ్డు కింద నెలల తరబడి పడి ఉంటుంది, ఎవరికోసమూ తొందరపడదు. ఎల్‌ఎన్‌జీకి ఆ ఓపిక లేదు. వాడకం తగ్గిన రోజున కూడా వాడి తీరాలని మెడ మీద కూర్చుంటుంది. లక్షద్వీప్‌లో లాగా కొన్ని వేలమంది ఉండే దీవిలో రాత్రి పదయ్యాక ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయి?

"ఒత్తిడి తట్టుకునే తొట్లు వచ్చినయ్ మామా, కొన్ని వారాలు ఆగుతది" అన్నాడు. కొన్ని వారాలట! బంగాళాఖాతం సంగతి మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడ్డవాళ్ళను అడగాల్సింది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది తెలుగు మాతృభాషవాళ్ళే. నైరుతి వానలు ఒక కాలం, అవి తగ్గీ తగ్గకముందే తుఫానులు ఇంకో కాలం. సముద్రం ఎదురు తిరిగితే మనుషుల్ని మోసే ఓడలే రేవులో కట్టేసి ఉంటాయి.

అయినా మహారాష్ట్రలో ఉద్యోగం చేసుకుంటూ ఈ మాట అనడానికి నోరెలా వచ్చిందో! దాభోల్ ఎక్కడుంది? ముంబైకి దిగువన, రత్నగిరి జిల్లాలో. అది దీవి కాదు, ప్రధాన భూభాగం. రోడ్డుంది, డబ్బుంది, గెయిల్ అంతటి సంస్థ అండ ఉంది. అక్కడి ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ 2013లో మొదలైంది. అలల్ని అడ్డుకునే గోడ పూర్తికాకపోవడంతో పదేళ్ళకు పైగా ఏటా వానాకాలం నాలుగు నెలలు ఓడ ఒడ్డుకు రాలేకపోయింది. పెద్ద ఓడ, పెద్ద జెట్టీ, పెద్ద కంపెనీ అన్నీ ఉండి కూడా మే నెలాఖరుకు తాళం. అలాంటిది ఒక బార్జీ పోయి, నికోబార్ దగ్గర నాలుగు రాళ్ళు పేర్చిన జెట్టీకి ఆనుకుని, మైనస్ 162 డిగ్రీల ద్రవాన్ని గొట్టంలోకి వంచుతుందట, అదీ ఆషాఢంలో.

దాభోల్ పేరెత్తానంటే ఎన్రాన్ కథ చెప్పకుండా వదలలేను. విన్నవాళ్ళకు విసుగు రావచ్చు, నాకు మాత్రం ఇంకా చల్లారలేదు. 1993లో దాభోల్ కరెంటు ప్లాంటు కోసం ఈ అమెరికా కంపెనీకి మహారాష్ట్ర విద్యుత్ మండలితో ఒప్పందం. కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ప్లాంటు పెట్టినందుకు కట్టాల్సింది కట్టాలి, ఆ లెక్క కూడా డాలర్లలో. మొదటి దశ 740 మెగావాట్లు 1999లో నాఫ్తాతో మొదలైంది, రెండో దశ పూర్తయ్యాక విదేశీ ఎల్‌ఎన్‌జీ వస్తుందన్నారు. ఆ కరెంటు ధర చూసి మండలి గుండె ఆగింది. 2001లో కొనడం మానేసింది, ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలో ఎన్రాన్ దివాలా తీసింది. దాభోల్‌లో యంత్రాలు తుప్పు పడుతున్న ఆ ఏళ్ళలోనే మా మరాఠ్వాడా పల్లెల్లో లోడ్‌షెడ్డింగ్. పత్తి చేనుకు నీళ్ళు కట్టాలంటే అర్ధరాత్రి కరెంటు వచ్చేదాకా మోటారు దగ్గర కంబళి కప్పుకుని కూర్చోవాలి. బ్యాటరీ లైటు నోట్లో పట్టుకుని, బోదెకు గండి కొడుతూ, ఇంకో చేత్తో స్టార్టరు ఎర్ర బొత్తాం తడుముకోవాలి. కిన్వట్ తాలూకా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోది, 1956లో రాష్ట్రాలు పంచుకున్నప్పుడు ఇటు వచ్చింది. రాష్ట్రం మారినా మా రాత్రులు మారలేదు.

నా కోపమంతా బార్జీ మీదని అనుకోకండి. బార్జీ ఏం పాపం చేసింది? కాకినాడ లంగరు రేవులో ఒడ్డుకూ ఓడకూ మధ్య బియ్యం బస్తాలు మోసి ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టలేదది! నా కోపం ఆ బార్జీ వెనక నడిచే కాగితం మీద. సరుకు తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాలనే ఆ ఒక్క వాక్యం మీద. గ్యాస్ వ్యాపారానికి ప్రాణమదే. ద్రవీకరణ కేంద్రం, ఓడలు, టెర్మినల్ అన్నిటికీ అప్పు పుట్టేది ఆ వాక్యాన్ని చూసే. రాసేవాడు ఎక్కడో హూస్టన్‌లోనో దోహాలోనో ఉంటాడు, కట్టేవాడు దీవిలో కొబ్బరి కొట్టుకు బతుకుతుంటాడు.

పెద్దవాళ్ళకైతే ఈ కాగితం కూడా వంగుతుంది. ఖతార్‌తో మన గ్యాస్ దిగుమతి సంస్థ పెట్రోనెట్‌కు ఏళ్ళనాటి ఒప్పందం ఉంది. 2015లో బయట ధరలు కూలితే, ఖరీదైన ఖతార్ గ్యాస్ పూర్తిగా తీసుకోలేదు మనం. ఒప్పందం ప్రకారం దాదాపు 12,000 కోట్ల రూపాయల జరిమానా కట్టాలి. ఆ డిసెంబరులో కూర్చుని మాట్లాడుకున్నారు, జరిమానా రద్దయింది, ధర సగానికి సగం దిగింది. ఎందుకు దిగింది? ఇంత పెద్ద కొనుగోలుదారును పోగొట్టుకోవడం ఖతార్‌కు ఇష్టం లేదు గనక. లిటిల్ అండమాన్ వెళ్ళి దోహాలో అదే బల్ల ముందు కూర్చుంటే టీ అయినా ఇస్తారా?

ధర పెరిగిన రోజున ఏమవుతుందో 2022లో చూశాం. ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్ ఎంతకైనా కొంటానని సంతకెక్కింది. ఓడలు అటు తిరిగాయి. పాకిస్తాన్ టెండరు పిలిస్తే వేసేవాడు లేడు. బంగ్లాదేశ్ ఆ జులైలో విడి కొనుగోళ్ళు ఆపేసి వేళల పట్టిక ప్రకారం కరెంటు కోసింది. కోట్లాది జనం ఉన్న దేశాల గతి అది. దీవికి రావలసిన చిన్న ఓడను ఇంకొకడు ఎక్కువ పాడి లాక్కుంటే ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

గ్యాస్ మన కాళ్ళ కిందే ఉంటే ఈ బెడద ఉండదంటారు కొందరు. ఉంది కదా, గోదావరి జిల్లాల కింద! బార్జీ మీద కరెంటు కథ కూడా మనది ఒకటుంది. జీఎంఆర్ సంస్థ మంగుళూరు దగ్గర తణ్ణీర్‌బావిలో 220 మెగావాట్ల ప్లాంటును ఏకంగా బార్జీ మీదే కట్టింది, నాఫ్తాతో నడిపింది. తర్వాత కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 బ్లాకులో గ్యాస్ పొంగుతోందని ఆ తేలే ప్లాంటును 2010 ప్రాంతంలో కాకినాడకు తరలించుకొచ్చారు. డీ6 ఉత్పత్తి 2010లో రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటి, ఆపైన ఎవరూ ఊహించనంత వేగంగా పడిపోయింది. 2013 వచ్చేసరికి కరెంటు ప్లాంట్లకు గ్యాసు సున్నా. బార్జీ కాకినాడలో, గ్యాస్ ఎక్కడా లేదు. గౌతమి, కోనసీమ, వేమగిరి, ఈ గ్యాస్ ప్లాంట్ల పేర్లు వినడానికి నదీ స్తోత్రంలా ఉంటాయి, అన్నీ అప్పుల్లో మునిగాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ 2,400 మెగావాట్లకు యంత్రాలు దింపి ఒక్క యూనిట్ కరెంటు అమ్మలేదు. చివరికి వాటిలో కొన్నిటిని ఊడదీసి బంగ్లాదేశ్‌కు పంపారు, అక్కడ దిగుమతి ఎల్‌ఎన్‌జీతో నడపడానికి! ఇంతకన్నా పెద్ద వెక్కిరింత నేను వినలేదు.

గ్యాస్ పుట్టిన కోనసీమకు దక్కిందేమిటి? 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలి చనిపోయారు. భద్రత గురించి ఇంతకన్నా నేను చెప్పను, చెబితే అభివృద్ధి వ్యతిరేకి అంటారు. కాలుష్యం తక్కువన్న మాట గురించి కూడా రెండు ముక్కలే. మీథేన్ గాల్లోకి జారితే 20 ఏళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువుకు 80 రెట్ల చేటు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హోవార్త్ 2024లో లెక్క కట్టి, అమెరికా ఎగుమతి చేసే ఎల్‌ఎన్‌జీ ఆ లెక్కన బొగ్గుకన్నా 33 శాతం ఎక్కువ హాని అన్నాడు. కాదన్నవాళ్ళూ ఉన్నారు, కొట్టుకోనీండి.

ఇక నా అల్లుడు ఫోన్లో తీసి చూపించిన ఉదాహరణలు. జమైకా, బాలి, మదీరా. జమైకాలో 2016 నుంచి గ్యాస్ కరెంటు వస్తోంది, నిజమే. పక్కనే అమెరికా, కరెంటు తాగే హోటళ్ళు. బాలిలో బెనోవా రేవు దగ్గర తేలే టెర్మినల్ ఉంది, ఇండోనేషియాకు సొంత గ్యాస్ ఉంది. పోర్చుగల్ 2014 నుంచి మదీరాకు కంటెయినర్లలో పంపుతోంది, యూరప్ డబ్బుతో ఏదైనా పంపొచ్చు. మరి ప్యూర్టోరికో సంగతి ఎవరూ ఎత్తరేం? అమెరికా సొంత దీవి అది. అమెరికా ప్రపంచంలోకెల్లా పెద్ద ఎల్‌ఎన్‌జీ ఎగుమతిదారు. అయినా 1920 నాటి చట్టం ప్రకారం అమెరికా రేవుల మధ్య సరుకు మోయాలంటే అమెరికాలో కట్టిన ఓడే కావాలి, అలాంటి పెద్ద గ్యాస్ ఓడ వాళ్ళ దగ్గర లేకపోయింది. ఏళ్ళ తరబడి ఆ దీవి ట్రినిడాడ్ నుంచీ నైజీరియా నుంచీ కొనుక్కుంది. అత్తవారింట్లో పాడి ఉండి కోడలు పొరుగింట్లో పాలు అరువు తెచ్చుకున్నట్టు.

సిలిండర్ పోలిక తెచ్చాడు గనక అదీ పూర్తి చేస్తాను. సర్ఖనికి సిలిండర్ వస్తోంది, కాదనను. 2016లో ఉజ్వల పథకం వచ్చింది, మా చుట్టుపక్కల గోండు గూడేల్లో, బంజారా తాండాల్లో ఇంటింటికీ బండ చేరింది, ఫొటోలు దిగారు. 2023 మార్చిలో ఢిల్లీలోనే బండ ధర 1,103 రూపాయలు. రాయితీ పోను మిగిలింది కట్టలేక ఎన్నో ఇళ్ళలో ఆ పొయ్యి మీద గుడ్డ కప్పి, పక్కన మూడు రాళ్ళ మీద టేకు పుల్లలతోనే జొన్నరొట్టె కాల్చారు. చుట్టాలొస్తేనే గ్యాస్ వెలిగించే ఇళ్ళు ఇప్పటికీ చూపిస్తాను. చేరవేయడం వేరు, వాడుకోగలగడం వేరు. ఆ తేడా తెలియనివాడికి దీవుల గురించి మాట్లాడే అర్హత లేదు.

కాగితాల మీద మాత్రం పని ఆగడం లేదు. దక్షిణ అండమాన్‌లోని హోప్ టౌన్‌లో 50 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు ప్రతిపాదన ఎన్‌టీపీసీ పేరు మీద వచ్చింది. గ్రేట్ నికోబార్‌లో 2022 నవంబరులో పర్యావరణ అనుమతి పొందిన మహా ప్రాజెక్టులో ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్నంతోపాటు 450 ఎంవీఏల గ్యాస్, సౌర విద్యుత్ కేంద్రం కూడా ఉంది. షోంపెన్లనే ఆదివాసులు అక్కడి అడవిలో కొన్ని వందల మందే మిగిలారు. గలాతియా తీరంలో తోలువీపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 2004 సునామీ నాడు ఆ దీవి కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడ గ్యాస్ తొట్లు కట్టి ఎవరి ఇంట్లో దీపం పెడతారు? షోంపెన్ల గుడిసెల్లోనా?

మరి నువ్వేం చేస్తావయ్యా అని ఎలాగూ అడుగుతారు. ఉన్నవాటిని పెంచండి. ఉత్తర అండమాన్‌లో కల్పోంగ్ జలవిద్యుత్ 5.25 మెగావాట్లు 2001 నుంచి ఏ ఖతార్‌కూ బాకీ లేకుండా తిరుగుతోంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, ఎన్‌ఎల్‌సీ 20 మెగావాట్ల సౌర పలకలు బ్యాటరీతో సహా పెట్టింది. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2024లో అలాంటిదే చిన్నది వచ్చింది. చెన్నై నుంచి అండమాన్‌కు 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ 2020లో సముద్రం అడుగున పరిచినవాళ్ళు దీవుల మధ్య కరెంటు తీగ గురించి ఆలోచించలేరా? వానాకాలం ఎండ సరిపోదంటే ఆ నాలుగు నెలలకు పాత డీజిల్ ఇంజన్లే ఉంచండి, అవి ఎలాగూ ఉన్నాయి. యూనిట్‌కు ఎంత పడుతుందో ఇంజనీర్లే చెప్పాలి, జీతాలు తీసుకుంటున్నది వాళ్ళు కదా.

ఈలోగా గ్యాస్ కావాలనేవాళ్ళు రంగుల బొమ్మలు పక్కన పెట్టి ఒప్పందం కాగితం బయట పెట్టాలి. గ్యాస్ ఎవరిది? ఎన్నేళ్ళకు? ధర రూపాయల్లోనా, డాలర్లలోనా? ఓడ రాని నెలకు ఎవరు కడతారు? ఆ నాలుగు గడులు నింపి అండమాన్‌లో హిందీలో, బెంగాలీలో, తమిళంలో, తెలుగులో, నికోబారీలో అచ్చేసి గోడలకు అంటించాలి. తలలూపే కార్యక్రమం ఆ తర్వాత పెట్టుకోవచ్చు.